"ఏ గ్లాసు మేడం?": విద్యార్థుల తాగుడును లెక్కగట్టడంలో చిక్కులు

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? సరే.

నేను చేసిన మొదటి సర్వే సంగతితో మొదలుపెడతాను. అప్పుడు నేనింకా పరిశోధక విద్యార్థిని. కాలేజీ విద్యార్థుల్లో మద్యం అలవాటు మీద నాలుగు పేజీల ఫారం తయారుచేసి పంచాను. ఆరో ప్రశ్న ఇది: "తాగిన రోజున సాధారణంగా ఎన్ని గ్లాసులు తాగుతారు?" పక్కన ఒక చిన్న గడి. ఎవరో ఆ గడిలో 3 వేసి, పక్కన పెన్సిల్‌తో రాశారు: "ఏ గ్లాసు మేడం?"

ఒళ్లు మండింది. వెటకారం అనుకున్నాను. గడిలో 3 ఉంది కదా అని కంప్యూటర్లో 3 కొట్టేసి ఆ కాగితం కట్టలో కలిపేశాను. చాలా ఏళ్ల తర్వాత తెలిసొచ్చింది, ఆ కట్ట మొత్తంలో నా ప్రశ్నను శ్రద్ధగా చదివిన మనిషి బహుశా ఆ ఒక్కరేనని.

తాగుడు గురించి అడిగితే పిల్లలు నిజం చెబుతారా అని మనలో చాలామందికి అనుమానం. ఎవరైనా ఈ సబ్జెక్టు మీద పేపర్ చదివితే, చివర్లో లేచి అడిగే మొదటి ప్రశ్న అదే. అబద్ధాలు ఉండవని నేను అనను. కానీ విద్యార్థిని బోనులో నిలబెట్టే ముందు మన ప్రశ్నను నిలబెట్టాలి. మనం అడిగినదానికి జవాబు వాళ్ల దగ్గర ఉందా లేదా అన్నది ముందు చూడాలి. చాలాసార్లు ఉండదు. అయినా ఏదో ఒక అంకె వేసి ఇస్తారు, పాపం. మనం దాన్ని కొలత అనుకుంటాం.

ఈ బల్ల మీద నీళ్ల జగ్గు, ఒక పొడవాటి గ్లాసు, ల్యాబు నుంచి తెచ్చిన కొలజాడీ ఉన్నాయి. ఎవరైనా ఒకరు రండి. రా తమ్ముడూ, భయపడకు, తాగేవాడివా కాదా అని అడగను. ఇది 40 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ అనుకో. ఈ గ్లాసులో ఒక పెగ్గు పొయ్యి. ఒక్కటే. సరిపోయిందా? ఇంకొంచెం పోస్తావా? సరే. ఇప్పుడు దీన్ని కొలజాడీలోకి వంపుదాం. ముందు వాళ్లకు కనిపిస్తోందా? 75 మిల్లీలీటర్లు.

(నవ్వులు)

నవ్వకండి, మీలో ఎవరు పోసినా ఇంచుమించు ఇంతే. చిన్న పెగ్గు అంటే 30 మిల్లీలీటర్లు. అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 12 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక, మిల్లీలీటరుకు 0.789 గ్రాములు. అంటే తొమ్మిదిన్నర గ్రాములు. ఈ తమ్ముడు పోసిన దాంట్లో దాదాపు 24 గ్రాములు ఉంది. ఫారంలో మాత్రం "ఒకటి" అనే రాస్తాడు. నిజాయితీగా రాస్తాడు, అబద్ధం ఒక్క చుక్క లేదు. థాంక్యూ తమ్ముడూ, కూర్చో.

2003లో డ్యూక్ యూనివర్సిటీలో విద్యార్థుల చేత సరిగ్గా ఇలాగే పోయించి చూశారు. ఒక డ్రింక్ పొయ్యమంటే ప్రామాణిక కొలతకంటే ఎక్కువ పోశారు, కప్పు పెద్దదైన కొద్దీ పోసేదీ పెరిగింది. చెయ్యి కొలత చూసి ఆగదు, గ్లాసు ఎంతవరకు నిండిందో చూసి ఆగుతుంది.

బీరు సంగతి ఇంకో రకం. అక్కడ పోయడంలో తేడా రాదు, డబ్బాలోనే కొలత ఉంటుంది. అయినా 500 మిల్లీలీటర్ల డబ్బా 5 శాతంది అయితే సుమారు 20 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ అయితే 31 పైచిలుకు. ఇద్దరు విద్యార్థులు "రెండు బీర్లు" అని రాస్తే ఒకరు 40 గ్రాములు, మరొకరు 63 తాగి ఉండొచ్చు. డబ్బా మీద శాతం ఎంతో మనం అడగలేదు కాబట్టి ఇద్దరూ మన పట్టికలో ఒకే గడిలో పడతారు.

దీని మీద ఇంకో తలనొప్పి. ప్రామాణిక డ్రింక్ అనే మాటకు దేశానికో లెక్క. అమెరికాలో 14 గ్రాములు, ఆస్ట్రేలియాలో 10, బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటే 8. అమెరికన్ పేపర్లో "5 డ్రింకులు" అన్నచోట 70 గ్రాములు అని చదువుకోవాలి. అదే 5 బ్రిటిష్ యూనిట్లయితే 40 గ్రాములే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి "మా పిల్లలే నయం" అని పోల్చిన థీసిస్‌లు నేను చూశాను. ఒకదానికి నేనే పరీక్షకురాలిని.

తాగుడు ముప్పుగా మారిందేమో పసిగట్టే ఆడిట్ (AUDIT) అనే పది ప్రశ్నల పరీక్ష మీకందరికీ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో చేసిన పని ఆధారంగా తయారుచేయించింది, 1989లో మొదటి మాన్యువల్ వచ్చింది. మొదటి మూడు ప్రశ్నలు ఎంత తాగుతారని, తర్వాతి మూడు తాగకుండా ఉండగలరా అని, చివరి నాలుగు దానివల్ల ఏం జరిగిందని. 40కి 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కాస్త జాగ్రత్తగా చూడాలంటారు. మంచి పరీక్షే, నేనూ వాడతాను. కానీ మూడో ప్రశ్న "ఒకే సందర్భంలో ఆరు లేదా అంతకన్నా ఎక్కువ డ్రింకులు" అని అడుగుతుంది. ఆయా దేశంలో వాడే డ్రింక్ కొలతను బట్టి ప్రశ్నను సరిచేసుకోమని మాన్యువలే చెబుతుంది. ఆ పేజీ చాలామంది చదవరు, ప్రశ్నలున్న పేజీ ఒక్కటీ జిరాక్స్ తీయించుకుంటారు. నేనూ మొదట్లో అదే పని చేశాను.

అందుకే ఇప్పుడు నా ఫారంలో బొమ్మలు ఉంటాయి. గ్లాసుల బొమ్మలు, డబ్బాల బొమ్మలు, వాటి కింద అసలు సైజులు. ఏది తాగారో టిక్కు పెట్టమంటాను, గ్రాములు నేను లెక్కవేసుకుంటాను. లెక్కలు విద్యార్థి నెత్తిన వేయను.

ఇక "సాధారణంగా" అనే మాట. నా ఆరో ప్రశ్నలో ఇంకో తప్పు అదే. పాతకాలం నుంచి ఉన్న పద్ధతి ఇది: ఎన్నిసార్లు తాగుతారు, తాగినప్పుడు ఎంత, రెండూ గుణించు. రాబర్ట్ స్ట్రాస్, సెల్డెన్ బేకన్ అమెరికా కాలేజీల మీద చేసిన పెద్ద అధ్యయనం 1953లో వచ్చింది, అందులోనూ ఈ రెండు ప్రశ్నలే ప్రధానం. సులువుగా ఉంటుంది, త్వరగా అయిపోతుంది. రోజూ ఒకే తీరుగా తాగే మధ్యవయసు మనిషికి పనికొస్తుంది కూడా. విద్యార్థి తాగుడు అలా ఉండదు. పరీక్షల ముందు మూడు వారాలు సున్నా, ఆఖరి పేపర్ అయిన రాత్రి తొమ్మిది. సెమిస్టర్ మొదట్లో ఒక తీరు, మధ్యలో ఇంకో తీరు. శని, ఆదివారాలు వేరు, మంగళవారం వేరు. వాళ్లకు "సాధారణం" అనేదే లేదు. రోజూ రెండేసి తాగేవాడికీ, శనివారం ఒక్కరాత్రి 14 తాగేవాడికీ వారం మొత్తం ఒకటే. ఆసుపత్రికి మోసుకెళ్లాల్సి వచ్చేది మాత్రం రెండోవాణ్ణే.

1985లో కాలిన్స్, పార్క్స్, మార్లాట్ ఒక చిన్న మార్పు చేశారు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు గడులు ఇచ్చి, ఒక్కో రోజుకు ఎన్ని డ్రింకులో, ఎన్ని గంటల్లోనో వేయమన్నారు. అడిగేది మామూలు వారం గురించే అయినా, రోజు పేరు కనిపించేసరికి మనిషి ఆ రోజును తలుచుకుంటాడు. అంకె ఊహలోంచి కాకుండా జ్ఞాపకంలోంచి వస్తుంది.

ఇంకా లోతుగా వెళ్లాలంటే క్యాలెండర్ పద్ధతి. లిండా సోబెల్, మార్క్ సోబెల్ దంపతులు రూపొందించింది. ఇందులో ప్రశ్నలకన్నా కబుర్లే ఎక్కువ. ఒకసారి ఎలా నడిచిందో చెబుతాను. కుర్రాడు రెండో సంవత్సరం విద్యార్థి. వివరాలు మార్చి చెబుతున్నాను.

"గత నెలలో ఎన్ని రోజులు తాగి ఉంటావు?"

"అకేషనల్‌గా మేడం. రెండు మూడుసార్లు, అంతే."

సరే అని ఇద్దరి మధ్య నెల క్యాలెండర్ పెట్టాను. తాగుడు ఊసెత్తలేదు. పరీక్షలు ఎప్పుడు? ఇంటికి ఎప్పుడు వెళ్లావు? రూమ్మేట్ పుట్టినరోజు ఎప్పుడు? జ్వరం ఏమైనా వచ్చిందా? ఒక్కొక్కటీ పెన్సిల్‌తో గడుల్లో రాసుకుంటూ పోయాడు. తర్వాత ఆఖరి గడి నుంచి వెనక్కి వచ్చాం.

"ఈ శనివారం?"

"మ్యాచ్ చూశాం మేడం, అందరం."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు మందు లేదు. బీరే."

పెన్ను కింద పెట్టాను. "బీరు లెక్కలోకి రాదా?"

"బీరు మందేంటి మేడం!" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు, నటన కాదు. అక్కణ్నుంచి మళ్లీ మొదటికి వచ్చాం. రెండు మూడుసార్లు అన్నవాడికి ఆఖర్న ఎనిమిది రోజులు తేలాయి. ఆ అంకె చూసి నాకంటే వాడే ఎక్కువ కంగారుపడ్డాడు. వాడు నాకు అబద్ధం చెప్పాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. "తాగడం" అనే మాటకు వాడి అర్థం ఒకటి, నాది ఒకటి. క్యాలెండర్ లేకపోతే ఆ తేడా నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

క్యాలెండర్‌తో ఒక ముప్పూ ఉంది. రెండు నెలల క్రితం జరిగిన పార్టీ పోయిన నెలలోకి జారిపోతుంది, పెద్ద పార్టీ అయితే మరీను. గడుల్లో పరీక్షలు, ప్రయాణాలు ముందే రాయించడం అందుకే, సంఘటన పక్కకు జారిపోకుండా మేకు కొట్టినట్టు. ఇక బ్లాకౌట్ అయిన రాత్రులున్నాయి చూశారూ, వాటికి ఏ మేకూ పనిచేయదు. బాగా ఎక్కువ తాగినప్పుడు మెదడు జరుగుతున్నదాన్ని దాచుకోవడమే మానేస్తుంది. మనకు అన్నిటికన్నా ముఖ్యమైన రాత్రి గురించి వాళ్ల దగ్గర ఉండేది మర్నాడు స్నేహితులు చెప్పిన కథే.

ఇప్పుడు అబద్ధం దగ్గరికి వద్దాం. మీరంతా ఎదురుచూస్తున్నది దీనికోసమేనని తెలుసు.

నా రెండో సర్వేలో ఒక తరగతిలో తాగేవాళ్లు దాదాపు ఎవరూ తేలలేదు. పక్క సెక్షన్‌లో మామూలుగానే వచ్చారు. ఒకే కాలేజీ, ఒకే కోర్సు. ఏమిటా అని విచారిస్తే తేలింది: ఆ తరగతిలో ఫారాలు వసూలు చేసింది వాళ్ల లెక్చరరే. నాకు సాయం చేద్దామనే, పాపం. వరసల మధ్య నడుస్తూ ఒక్కో కాగితం తీసుకుని, పైపైన చూస్తూ, పేజీలు నిండాయో లేదో సరిచూస్తూ. పైన "మీ పేరు రాయనక్కర్లేదు" అని లావు అక్షరాల్లో అచ్చు వేయించాను. చేతిరాత ఎవరిదో ఆయనకు తెలియదా? తప్పు ఆయనది కాదు, నాది. మూతపెట్టిన డబ్బా ఒకటి తలుపు దగ్గర పెట్టి ఉంటే సరిపోయేది. ఆ సెక్షన్ మొత్తాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది.

పరిశోధనల్లో పదేపదే తేలేది ఇదే. మనిషి తాగకుండా ఉన్నప్పుడు, పేరు బయటికి రాదని నమ్మకం కుదిరినప్పుడు, ప్రశ్న స్పష్టంగా ఉన్నప్పుడు చెప్పే మాట మీద చాలావరకు ఆధారపడొచ్చు. ఈ మూడింటిలో ఒకటి పోతే నమ్మకం పోతుంది. చట్టప్రకారం వయసు రాని విద్యార్థికి రెండోది మరీ ముఖ్యం, వాడు మనకు చెప్పేది ఒక నేరం గురించి.

అడిగే తీరూ ముఖ్యమే. 1977లో బ్లెయిర్, సడ్‌మన్, బ్రాడ్‌బర్న్, స్టాకింగ్ కలిసి చేసిన పనిలో, చిన్న ముక్తసరి ప్రశ్నకంటే కాస్త పొడుగ్గా, జనం వాడే మాటల్లో, ఆప్షన్లు ఇవ్వకుండా అడిగినప్పుడు ఎక్కువ తాగుడు బయటపడింది. ఆప్షన్లు ఇచ్చామంటే మనమే హద్దు గీసినట్టు. ఆఖరి గడి "6 లేదా ఎక్కువ" అయితే, పదకొండు తాగినవాడు తనను తాను అంచున చూసుకుని ఒక మెట్టు కిందికి దిగి 4 దగ్గర టిక్కు పెడతాడు. అవే గడులు 20 దాకా పొడిగిస్తే అదే మనిషి మధ్యలో ఉన్నానని నిమ్మళంగా నిజం చెబుతాడు.

కొన్ని అబద్ధాలు బద్ధకం నుంచి వస్తాయి. "ఎప్పుడైనా తాగారా?" అనే ప్రశ్నకు అవునంటే ఇరవై ప్రశ్నలు తెరుచుకుంటాయి, కాదంటే ఫారం అయిపోతుంది. ఇది పసిగట్టడానికి కుర్రాళ్లకు రెండు నిమిషాలు చాలు. మొదటి బెంచీవాడు చూసి వెనక్కి చెప్పేస్తాడు కూడా. అందుకే కాదన్నవాళ్లకూ అన్నే ప్రశ్నలు ఉండాలి, నిద్ర గురించో, ఆటల గురించో.

గొప్పలు చెప్పేవాళ్ల సంగతి మర్చిపోకండి. పక్కన స్నేహితుడు తొంగిచూస్తుంటే అంకెలు పెరుగుతాయి, తగ్గవు. అందుకే కొందరు సర్వేల్లో అసలు లేని మత్తుమందు పేరు ఒకటి కలుపుతారు. దానికీ "వాడాను" అన్నవాడి ఫారం తీసి పక్కన పెడతారు.

1965లో స్టాన్లీ వార్నర్ అనే పరిశోధకుడు ఒక చక్కటి చిట్కా చెప్పాడు. దాని సులువైన రూపం ఇది. విద్యార్థి నాణెం ఎగరేస్తాడు, మనకు చూపించడు. బొమ్మ పడితే ఏమైనా సరే "అవును" అంటాడు, బొరుసు పడితే నిజం చెబుతాడు. 200 మందిలో 130 మంది అవునన్నారనుకుందాం. నాణెం వల్ల వచ్చినవి సుమారు 100. మిగిలిన 100 మందిలో 30 అవునులు, అంటే 30 శాతం. ఎవరు తాగారో మనకు తెలియదు, ఎంతమందో తెలుస్తుంది. గుంపు లెక్కకు బ్రహ్మాండం. కానీ శాంపిల్ బాగా పెద్దది కావాలి. పైగా కొందరు బొమ్మ పడినా "అవును" అనడానికి మనసు రాక "కాదు" అనేస్తారు, తాగనివాళ్లు ముఖ్యంగా.

మరి శరీరాన్నే అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు. ఊపిరి పరీక్ష కొన్ని గంటల సంగతి చెబుతుంది. ఆల్కహాల్ నుంచి శరీరంలో తయారయ్యే పదార్థాలూ ఉన్నాయి: మూత్రంలో ఇథైల్ గ్లూకురోనైడ్ కొన్ని రోజుల సంగతి, రక్తంలో ఫాస్ఫాటిడిల్ ఇథనాల్ రెండు మూడు వారాల సంగతి. చీలమండకు కట్టే సెన్సర్లు చర్మంలోంచి వచ్చే ఆల్కహాల్‌ను పట్టుకుంటాయి. వీటికీ లోపాలున్నాయి. మౌత్‌వాష్ వల్ల, శానిటైజర్ వల్ల కూడా మూత్ర పరీక్ష ఒక్కోసారి తాగినట్టు చూపిస్తుంది. అసలు సంగతి, రక్తం "ఎంత" అని చెబుతుందేమో గానీ, ఎందుకు తాగాడో, తర్వాత ఎవరితో గొడవపడ్డాడో, ఏ క్లాసు ఎగ్గొట్టాడో చెప్పదు. మనకు కావాల్సింది సగం అదే. పోల్చి చూసుకోవడానికి యాభై మందికి చేయించండి, చాలు.

ఫోన్ డైరీ నాకు నచ్చిన దారి. రోజూ పొద్దున ఒక మెసేజ్, నిన్న రాత్రి సంగతి, ఐదు ప్రశ్నలు. జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే, ఎక్కువ తాగిన మర్నాడే ఫోన్ ఎత్తరు. ఖాళీగా ఉన్న ఆదివారం గడిని సున్నా అనుకుంటే మునిగిపోతాం. ఇంకోటి, రోజూ అడిగించుకునేసరికి కొందరు తగ్గిస్తారు. మనం కొలవడానికి వెళ్లి మార్చేసి వస్తాం. డాక్టర్‌గా సంతోషించాలి, పరిశోధకురాలిగా తల పట్టుకోవాలి.

హద్దు గీతల గురించి ఒక్క మాట. హార్వర్డ్‌కు చెందిన హెన్రీ వెక్స్‌లర్ బృందం 1993లో 140 కాలేజీల్లో 17,000 మందికి పైగా విద్యార్థులను అడిగి, గత రెండు వారాల్లో ఒక్కసారైనా వరసగా 5 డ్రింకులు తాగిన మగపిల్లలను, 4 తాగిన ఆడపిల్లలను "బింజ్", అంటే ఒక్క విడతలో అతిగా తాగేవాళ్ల కోవలో వేసింది. 44 శాతం తేలారు. పత్రికలు ఊదరగొట్టాయి. కానీ ఎన్ని గంటల్లో అన్నది ఆ గీతలో లేదు. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా తింటూ మాట్లాడుతూ ఐదు తాగిన పిల్లవాడూ, గంటలో ఐదు దించినవాడూ ఒకటే అయిపోయారు. 2004లో అమెరికా జాతీయ ఆల్కహాల్ పరిశోధన సంస్థ సుమారు రెండు గంటలు అనే మాట చేర్చింది, రక్తంలో ఆల్కహాల్‌ను 0.08 శాతానికి చేర్చే తాగుడు అని. మీరు ఏ గీత వాడినా ఫర్వాలేదు, గంటలు మాత్రం అడగండి. తర్వాత ఏ గీత కావాలంటే అది గీసుకోవచ్చు.

ఇంకా ఆ రోజు తరగతికి రానివాళ్లున్నారు. సోమవారం మొదటి పీరియడ్‌లో సర్వే పెడితే మనం ఎవరిని వెతుకుతున్నామో వాళ్లే హాస్టల్లో ముసుగుతన్ని పడుకుని ఉంటారు. నేను ఇప్పుడు బుధవారం మధ్యాహ్నం పెడుతున్నాను. రానివాళ్ల కోసం మళ్లీ రెండుసార్లు వెళ్తాను. రెండోసారి, మూడోసారి దొరికినవాళ్ల ఫారాలు వేరే కట్టగా ఉంచుతాను, వాటిలో అంకెలు వేరుగా ఉంటాయేమో చూడటానికి.

నా ఫారం ఆఖర్న ఇప్పుడు నాలుగు ఖాళీ గీతలు ఉంటాయి. "ఏ ప్రశ్న అర్థం కాలేదు?" అని. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. కొందరు బొమ్మలు గీస్తారు. పోయినసారి ఒక అమ్మాయి రాసింది: "పంచుకుని తాగితే ఎలా లెక్కపెట్టాలి? ఒకే సీసా నలుగురం చేతులు మార్చుకున్నాం. నేను ఎన్ని గుక్కలు తాగానో ఎవరికి తెలుసు?" దీనికి నా దగ్గర ఇంకా సరైన గడి లేదు. రెండు రకాలుగా ప్రయత్నించాను, సీసా మొత్తం, మనుషుల సంఖ్య అడిగి భాగించడం ఒకటి, "నలుగురిలో మీరు ఎక్కువా, సమానమా, తక్కువా" అని అడగడం రెండోది. రెండోది కాస్త నయంగా ఉంది.

మీరు తయారుచేసి తెచ్చిన ఫారాలు బయటికి తీయండి. పక్కవాళ్లతో మార్చుకోండి. పెన్సిల్ తీసుకుని, ఎక్కడ గ్లాసు అని ఉందో, ఎక్కడ "సాధారణంగా" అని ఉందో అక్కడ సున్నా చుట్టండి. పది నిమిషాలు. తర్వాత మొదటి వరస నుంచి ఒక్కొక్కరుగా చదువుదాం.